పేర్లు కొట్టించిన కంచాలు

ఊహ తెలిసిన దగ్గర్నుంచీ రూప్లికి అన్నమంటే మిగిలిన అన్నమే.

పినపాక అవతల, అడవి అంచున ఉంది వాళ్ళ తండా. పుట్టింట్లో ఒక పెద్ద కంచు తాంబాళం ఉండేది. జొన్నరొట్టెలు తుంచి అందులో వేసి, పైన కూర పోసి నడుమింట్లో పెడితే ఇంటి మగవాళ్ళందరూ చుట్టూ గొంతుక్కూర్చునేవాళ్ళు. తాత, తండ్రి, చిన్నాయనలు, అన్నలు, చేతులన్నీ ఒక్క తాంబాళంలోనే. అలా తింటున్నంత కాలం ఆ ఇల్లు ఒక్కటిగా ఉన్నట్టు. చూడ్డానికి బాగుంటుంది. ఆ చూసేవాడు కూడా తినేవాళ్ళలో ఒకడైతే ఇంకా బాగుంటుంది. వాళ్ళు లేచి మూతులు తుడుచుకున్నాక తాంబాళం వంటింట్లోకి వచ్చేది. నాని మెత్తబడిన రొట్టెముక్కలు, ఎవరో కొరికి వదిలిన బొమికలు, అడుగున పేరుకున్న కారం. ఆడవాళ్ళకూ పిల్లలకూ అదే భోజనం.

చిన్నప్పుడొకసారి రూప్లి అలిగింది. తనకు పొయ్యి మీద నుంచి తీసిన రొట్టె కావాలంది, వేరే పళ్ళెంలో కావాలంది. నాయనమ్మ నెత్తి మీద ఒక్కటి మొట్టింది.

"వేరే పళ్ళెం కావాల్నా నీకు? వేరే పళ్ళెం సచ్చినోళ్ళకు పెడ్తరు, లేకపోతే వేరుపడినోళ్ళకు పెడ్తరు. నువ్వు సచ్చినవా, వేరుపడినవా?"

చిన్నాయన వేరుపడిన రోజు కూడా రూప్లికి తెలుసు. తండా నాయక్ వచ్చి కూర్చున్నాడు. ఇంట్లో గిన్నెలన్నీ బయట పరిచి, ఒక్కొక్కదాని అంచునూ ఆకురాయితో రాకి గాట్లు పెట్టారు. ఒక గాటు ఉంటే తండ్రిది, రెండు గాట్లుంటే చిన్నాయనది. ఆ రాపిడి చప్పుడుకు పళ్ళు జివ్వుమన్నాయి. ఇవన్నీ చూసి పెరిగిన మనిషే ఆ తర్వాత ఆ పని చేసింది. తెలియక చేసిందనడానికి లేదు. తెలిసిందే, ఆ వేళకు గుర్తుకు రాలేదు.

ఎనభైల మొదట్లో రూప్లికి పెళ్ళయింది. పెళ్ళికొడుకు రామ్‌సింగ్ పక్క తండావాడు. చిన్నప్పుడే హాస్టల్లో పడి చదువుకుని, మణుగూరు బొగ్గు గనిలో ఉద్యోగం సంపాదించాడు. తండ్రి బిచ్యా, తమ్ముడు భీమ్లా తండాలో సేద్యం చేసేవాళ్ళు. రామ్‌సింగ్ జీతంలోంచి తండాకు పోయేది పోయేది, తండా నుంచి జొన్నలూ మిరపకాయలూ కాలనీ క్వార్టర్‌కు వచ్చేవి వచ్చేవి. ఎవరిదెంత అని ఎవరూ లెక్క అడగలేదు. రామ్‌సింగ్ తండాకు వెళ్ళినప్పుడు తండ్రీ కొడుకులు ముగ్గురూ ఒక్క తాంబాళంలోనే తినేవాళ్ళు. అత్త బాలి, కొత్తకోడలు రూప్లి ఆ తర్వాత.

కాలనీలో వాళ్ళ పక్క క్వార్టర్ వెంకటరామారావుది. కోస్తా నుంచి వచ్చిన ఫోర్‌మన్. ఆయన భార్య పద్మావతమ్మ రూప్లి కాపురానికి వచ్చిన వారంలోనే గడప దాటి లోపలికి వచ్చి, ఇల్లంతా కలయజూసింది.

"ఏమ్మాయ్, మీ పెళ్ళికి అడవిలోకి రాలేకపోయాం. చదివింపులు అట్లాగే ఉండిపోయాయి. మా పెళ్ళప్పుడు ఎవరికి తోచింది వాళ్ళు తెచ్చారు. అందరికీ గోడ గడియారమే తోచింది! వండుకోడానికి గిన్నె లేదుగానీ, ఎన్నింటికి ఆకలేస్తోందో మాత్రం తెలిసేది. నీకట్లా కాకూడదు. ఏం కావాలో నోరు తెరిచి చెప్పు. లైనులో వాళ్ళమంతా కలిసి అదే కొంటాం."

రూప్లి కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. నీకేం కావాలని అంతవరకూ ఆమెను ఎవరూ అడగలేదు. పెళ్ళికొడుకును చూసినప్పుడు కూడా అడగలేదు.

"కంచాలు," అంది. "ఎవరిది వాళ్ళకు."

బజారులో పిచ్చయ్యది స్టీలు సామాను కొట్టు. కొత్త కాపురాల వాళ్ళు వస్తే పిచ్చయ్య మాటలు తక్కువ చెప్పి చేతులకు పని చెబుతాడు. చెక్కబల్ల తుడిచి, మధ్యన కంచం పెట్టి, దాని పైవైపు కూరగిన్నె, పప్పుగిన్నె, చివర పెరుగ్గిన్నె, ఎడమచేతికి అందేలా గ్లాసు పేర్చాడు. ట్యూబులైటు వెలుగు కంచంలో పడి రూప్లి ముఖం అందులో కనిపించింది. ఎవరూ చెయ్యి పెట్టని కంచం. ఆమె చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"పేర్లు కొట్టాలి కదమ్మా. ఇచ్చేవాళ్ళ పేర్లేనా?" అన్నాడు పిచ్చయ్య, ఉలీ సుత్తీ తీస్తూ.

"మా పేర్లెందుకయ్యా, రోజూ అన్నం తింటూ మా పేర్లు చదువుకోవాలా?" అంది పద్మావతమ్మ. "తినేవాళ్ళ పేర్లే కొట్టు. చెప్పమ్మాయ్."

రూప్లి చెప్పలేదు. మొగుడి పేరు ఎలా చెబుతుంది? మామ పేరు అసలు చెప్పకూడదు.

"నోరు పెగలదేమ్మా? మొగుడి పేరు మర్చిపోయినవా, పెండ్లయి నెల తిరగలే!" అని నవ్వాడు పిచ్చయ్య.

"నువ్వూరుకో పిచ్చయ్యా. శుభలేఖలో చదివాన్లే, నేను చెబుతాను." పద్మావతమ్మ చెబుతుంటే సుత్తి టకటకమంది. బిచ్యా, బాలి, రామ్‌సింగ్, భీమ్లా. చివరికి, "నా పేరు గూడ కొట్టు," అని తనే గొంతు పెగుల్చుకుంది రూప్లి. అంచుల మీద చుక్కలు చుక్కలుగా అక్షరాలు లేచాయి. నోటితో అనకూడని పేర్లను ఆమె స్టీలు మీద కొట్టించి, ఒళ్ళో పెట్టుకుని ఇంటికి తెచ్చుకుంది.

రామ్‌సింగ్ డ్యూటీ నుంచి వచ్చి చూసి మురిసిపోయాడు. "హాస్టల్ల నా పళ్ళెం మీద నంబరుండేది. ఇప్పుడు పేరొచ్చింది," అన్నాడు. అంతే. హాస్టల్ తిండి తిన్నవాడికి గాట్లు ఎక్కడ గుర్తుంటాయి?

ఆ తర్వాత ఒక ఆదివారం సంతకు రాబోతూ బిచ్యా, భీమ్లా మొదటిసారి క్వార్టర్‌కు భోజనానికి వస్తామని ముందురోజే కబురు పంపారు. రూప్లి పొద్దున్నే లేచి మేకమాంసం వండింది, రొట్టెలు కాల్చింది. గనికి యంత్రాలు వచ్చిన చెక్కపెట్టెలు విప్పి రామ్‌సింగ్ చేయించిన బల్ల ఒకటుంది. దాని మీద తన పెళ్ళినాటి అద్దాల గుడ్డ పరిచింది. పిచ్చయ్య పేర్చినట్టే పేర్చింది. కంచం, గిన్నెలు, ఎడమపక్క గ్లాసు. కిటికీ పక్క, గాలి తగిలే చోట మామ కంచం. ఎదురుగా రామ్‌సింగ్‌ది. పక్కన భీమ్లాది. పద్మావతమ్మ ఇంటి నుంచి ఇనుప కుర్చీలు తెచ్చి వేసింది. తన కంచం, అత్త కంచం వంటింటి అరలో నిలబెట్టింది. అత్త రాలేదు, గొడ్ల దగ్గర ఉండిపోయింది. వస్తే ఈ కథ ఇంకోలా ఉండేదేమో.

రామ్‌సింగ్‌కు ఆ రోజు షిఫ్టు దిగడం ఆలస్యమైంది. మామ, మరిది వచ్చేసరికి ఇంట్లో రూప్లి ఒక్కతే ఉంది. తండాలో కోడలు మామ ఎదుట ముఖం చూపదు, మాట్లాడదు. కొంగు ముఖం మీదికి లాక్కుని వంటింటి తలుపు చాటున నిలబడింది. మరిదితో మాట్లాడొచ్చు, ఎకసెక్కాలాడొచ్చు. మామకు చెప్పాల్సిందేదైనా మరిదితోనే చెప్పించాలి. వాళ్ళ మాటలు లంబాడీలో నడిచాయి, మనం తెలుగులో చెప్పుకుందాం.

"వదినా, హోటల్ పెట్టినవా ఏంది? బిల్లు ఎవడు కడ్తడు?" అన్నాడు భీమ్లా బల్ల చుట్టూ తిరుగుతూ.

"నీకు డబల్ బిల్లు. నీ తిండి నాకు తెల్వదా?"

"యాడ కూసోవాలె మరి? ఏది నాది?"

"కండ్లు లేవా? పేర్లు కొట్టిచ్చిన. మూడో తరగతి దాక సదివింది మేకలకు చెప్పనీకా?" రూప్లికి ఆ రోజు కాళ్ళు నేల మీద లేవు. కంచాలు మెరుస్తున్నాయి, కూర ఘుమఘుమలాడుతోంది, ఇల్లు తనది. "ఈ ఇంట్ల ఎవరి కంచం వాళ్ళదే. ఇంకోళ్ళ కంచంల చెయ్యి పెట్టినవనుకో, గంటెతోని కొడ్త!"

భీమ్లా పగలబడి నవ్వాడు. బిచ్యా నవ్వలేదు.

ఆయన ఇంకా కూర్చోలేదు. తన ముందున్న కంచాన్ని పైకెత్తి కిటికీ వెలుగుకు పట్టాడు. అంచు మీద లేచిన చుక్కలను బొటనవేలితో తడిమాడు. మళ్ళీ తడిమాడు. తర్వాత భీమ్లా కంచం తీసుకున్నాడు, రామ్‌సింగ్‌ది తీసుకున్నాడు.

"ఈ గాట్లు ఎవరు పెట్టినరు?"

"గాట్లు కాదు బాపూ, పేర్లు. గిది నీది, గిది నాది, గది అన్నది."

"గాటంటే గదే కదరా," అన్నాడు బిచ్యా.

భీమ్లా నోట్లో నవ్వు నోట్లోనే ఆగింది. కంచం వైపు చూశాడు, వదిన ఉన్న తలుపు వైపు చూశాడు. అంతవరకూ వాడికీ అది పేరే.

"పెద్దోడు యాడున్నడు?"

"డ్యూటీ కాడ్నే ఉన్నడంట."

"అవ్. గిసొంటి మాట చెప్పాల్సొచ్చినప్పుడు మనిషి ఇంట్ల ఉండడు."

తలుపు చాటున రూప్లికి నాయనమ్మ మొట్టికాయ అప్పుడు గుర్తొచ్చింది. ఆకురాయి చప్పుడు గుర్తొచ్చింది. చెప్పాలి. మామా, అది కాదు, నేను ఆశపడి కొట్టించిన. అనకూడదు. భీమ్లాను కేకేసి చెప్పొచ్చు. కానీ భీమ్లా ఇటు తిరగడం లేదు. ఉన్న రొట్టెలన్నీ ఒక్క కంచంలోకి తుంచి, కూరంతా దాని మీద గుమ్మరించి మధ్యన పెడితే సరిపోయేది. ఒక్క మాట కూడా అక్కర్లేదు. ఆ ఆలోచన వాళ్ళు బస్సెక్కాక వచ్చింది.

బిచ్యా కుర్చీలో కూర్చోలేదు. ఒక రొట్టె అంచు తుంచి, కాస్త ఉప్పు అద్దుకుని నోట్లో వేసుకున్నాడు. గ్లాసులో నీళ్ళు తాగాడు. తిన్నాననిపించుకోవడానికి అంత చాలు.

"ఆకలి లేదు. నడువురా, బస్సు పోతది."

రామ్‌సింగ్ బొగ్గు ముఖంతో ఇంటికి వచ్చేసరికి బల్ల మీద మూడు కంచాలూ తుడిచి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. విషయం విని ముందు నవ్వాడు. కాసేపటికి అతనికీ తలకెక్కింది.

"నీకు తెల్వదా? జర ఆలోచించొద్దా?"

"నువ్వు చూడలేదా? మురిసినవ్ కదా, నువ్వెందుకు చెప్పలే?"

ఆ రాత్రి ఎవరూ తినలేదు. ఆ కూర పొద్దున పద్మావతమ్మ ఇంటికి పోయింది. ఆమె గిన్నె తీసుకుంటూ, "ఏమిటమ్మాయ్, మీవాళ్ళకు నచ్చలేదా?" అంది. "నచ్చినయ్," అంది రూప్లి.

సెలవు దొరకబుచ్చుకుని రామ్‌సింగ్ తండాకు వెళ్ళేసరికి అక్కడ ఆ తండా పెద్ద లాలు నాయక్ మంచం మీద కూర్చుని ఉన్నాడు. తండా అంతా చుట్టూ చేరింది. కొడుకును చూసి బిచ్యా గొంతు పెంచకుండానే అన్నాడు.

"నీకు అడగ సిగ్గయింది. కోడలు కంచాలతోని చెప్పింది. వేరుపడుడు తప్పు కాదురా. చాటుగ వేరుపడుడు తప్పు."

రామ్‌సింగ్ చెప్పాడు. అవి పేర్లని, పక్కింటివాళ్ళ బహుమానమని, కాలనీలో అందరూ అలాగే చేస్తారని. చెప్పేకొద్దీ అది సాకులా వినిపించింది. వెనకనుంచెవరో, "పేర్లంట, పేర్లు!" అన్నారు. పది మంది నవ్వారు. భీమ్లా నవ్వలేదు, అన్న వైపు కూడా చూడలేదు. సాయంత్రానికి పొలం, ఎడ్లు, మేకలు, మంచాలు అన్నీ రెండయ్యాయి. తాంబాళాన్ని రెండు చెయ్యలేరు కాబట్టి, పెద్దకొడుకు వంతు అని రామ్‌సింగ్‌కు ఇచ్చారు. గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. క్వార్టర్ గోడకు మేకు కొట్టి తగిలించారు. అందులో తినడానికి ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు.

జొన్నలు రావడం ఆగిపోయింది. భీమ్లా ఏదైనా పని మీద మణుగూరు వస్తే గడప బయటే నిలబడేవాడు. నీళ్ళిస్తే గ్లాసు ముట్టుకోకుండా దోసిట్లో పోయించుకుని తాగేవాడు. "లోపలికి రా మరిదీ, నీ కంచం అట్లనే ఉంది," అనేది రూప్లి. "ఉండనీ వదినా, నా పేరుతోటి ఉంది కదా, యాడికి పోతది," అనేవాడు. ఒకప్పుడు ఆ గొంతులో ఎకసెక్కం ఉండేది. బిచ్యా మాత్రం ఆ గడప దాకా కూడా రాలేదు.

వచ్చింది బాలి ఒక్కతే. ఏడాదికోసారి, ముసలాయనకు దవాఖానా అనో మందులనో చెప్పి వచ్చేది. కాళ్ళు కడుక్కోగానే, "నాదేది?" అని అడిగేది. తన కంచం ఒళ్ళో పెట్టుకుని, అంచు విరగని రొట్టె మొత్తంగా వేయించుకుని, నెమ్మదిగా తినేది. "మా ముసలోనికి చెప్పకు," అనేది తిన్న ప్రతిసారీ.

అలా పిల్లలు పుట్టారు, స్కూళ్ళకు పోయారు, తొంభైలు వచ్చేశాయి. ఒక వానాకాలం బిచ్యాకు ఊపిరి అందక భద్రాచలం దవాఖానాలో చేర్చారు. భీమ్లా, రామ్‌సింగ్ వంతులేసుకుని ఉంటున్నారు. ఒక పగలు భీమ్లా నాట్లకు పోయాడు, రామ్‌సింగ్‌కు షిఫ్టు మారలేదు. రూప్లి అన్నం, పప్పు క్యారియర్‌లో సర్దుకుంది. గడప దాటబోయి, వెనక్కి వచ్చి, అరలోంచి మామ కంచం తీసి సంచిలో పెట్టుకుంది.

వార్డులో బిచ్యా గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెద్ద మనిషి చిన్నగా అయిపోయాడు. రూప్లి కొంగు లాక్కుని, మంచం పక్కన స్టూలు మీద కంచం పెట్టి అన్నం వడ్డించింది. ఆయన చూపు సరిగా ఆనడం లేదు. చెయ్యి చాచి అంచు తడిమాడు. బొటనవేలు చుక్కల మీద ఆగింది.

రూప్లి ఆ వేలినే చూసింది. ఇక ఆగలేకపోయింది.

"మామా, అవి గాట్లు కావు."

కాపురానికి వచ్చాక ఆయనతో అన్న మొదటి మాట అదే. బిచ్యా ఉలిక్కిపడలేదు.

"తెలుసు బిడ్డా. పెద్దోడొచ్చి చెప్పిన నాడే సమజైంది."

"మరెందుకు..."

"నాయక్ ముందర అన్న మాట. తండా అంత విన్నది. ఉమ్మినంక మింగుతమా?" ఊపిరి తీసుకున్నాడు. "నువ్వన్నా వచ్చి ఒక్క మాట అంటవేమో అని చూసిన."

"నేనెట్ల వస్త? మామతోని మాట్లాడొద్దు కదా."

బిచ్యా ఆలోచించాడు.

"అవ్," అన్నాడు. "మాట్లాడొద్దు."

తర్వాత అన్నం కలుపుకుని తిన్నాడు. కొంచెమే తిన్నాడు. కంచంలో ఒక పక్కకు ముద్దలు ముద్దలుగా కొంత జరిపి, చెయ్యి కడుక్కోకుండానే కంచాన్ని ఆమె వైపు తోశాడు.

"మిగిలింది నువ్వు తిను. మనింటి ఆడిపిల్లవి."

ఆయన దగ్గర ఇవ్వడానికి అంతకన్నా పెద్ద మాట లేదని రూప్లికి తెలుసు. ఇల్లు మళ్ళీ ఒక్కటి చేస్తున్నాడు. ఆయనకు తెలిసిన పద్ధతి అదొక్కటే. ఇన్నేళ్ళూ ఆమె ఎదురుచూసింది దాని కోసమే. కంచం తీసుకుని వార్డు వెనక కుళాయి దగ్గరికి వెళ్ళి, అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చుంది. పప్పులో నానిన అన్నం. వేళ్ళ గుర్తులు పడ్డ ముద్దలు. ఒక ముద్ద చేతిలోకి తీసుకుంది. నోటి దాకా తెచ్చింది. పుట్టింటి వంటిల్లు, అడుగున పేరుకున్న కారం, తాంబాళం చుట్టూ పిల్లల తొక్కులాట, అంతా ఆ ముద్దలోనే ఉంది. నోరు తెరుచుకోలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. గోడ పక్కన పడుకున్న కుక్క లేచి తోక ఊపింది.

కుక్క తిన్నంతసేపూ చూస్తూ నిలబడింది. కంచం కడిగి, కొంగుతో తుడిచి లోపలికి వచ్చింది.

"తిన్నవా బిడ్డా?"

"అవ్ మామా," అంది రూప్లి.

ఆయన ముఖం తేటపడింది. గోడవైపు తిరిగి పడుకున్నాడు. దవాఖానా నుంచి ఇంటికి తెచ్చాక, ఆ వానాకాలం వెళ్ళకముందే తండాలో పోయాడు. పోయేముందు భీమ్లాతో, "మీ వదిన నా కంచంల తిన్నది," అని చెప్పాడట. కర్మలప్పుడు భీమ్లా అన్న ఇంటికి వచ్చి గోడ మీది తాంబాళం తనే దించాడు. అన్నదమ్ములిద్దరూ అందులో తిన్నారు. రూప్లి వడ్డించింది. భీమ్లా తలెత్తి, "కూర బాగుంది వదినా," అన్నాడు. ఆమె ఇంకొంచెం కూర వేసింది. ఆ అన్నదమ్ములు మళ్ళీ ఒక్కచోట తింటున్నది ఏ అబద్ధం మీదో ఆమె ఒక్కదానికే తెలుసు.

బల్ల దగ్గర మరిదితో ఆడిన ఎకసెక్కాన్ని రూప్లి ఎంతమందికో చెప్పుకుంది, చెప్పుకుని ఏడ్చింది. కుళాయి దగ్గర జరిగింది మాత్రం ఎవరికీ చెప్పలేదు. రామ్‌సింగ్‌కు కూడా. ఏడాది తిరిగాక, బాలి క్వార్టర్‌కు వచ్చి తన కంచం ముందు కూర్చున్న రోజున, పొయ్యి వైపు తిరిగి రొట్టె కాలుస్తూ చెప్పేసింది.

బాలి తినడం ఆపింది. పొయ్యిలో పుల్ల చిటపటమంది.

"నేనైతే తినేదాన్ని," అంది. "అలవాటు."

తర్వాత కంచం ముందుకు జరిపి, ఇంకో రొట్టె వెయ్యమంది.